తిరిగిరాని తడబాటు

కంప్యూటర్‌లో గీసిన ఆసిలేటర్ చాలాసార్లు మేలుకోదు. ఒక ఇండక్టరు, ఒక కెపాసిటరు, ఒకదాని గేటు ఇంకొకదాని డ్రెయిన్‌కు తగిలించిన ట్రాన్సిస్టర్ల జంట, పైన సప్లై. అన్నీ సరిగ్గానే ఉంటాయి. సిమ్యులేషన్ నడిపితే మాత్రం తెరమీద తిన్నటి గీత ఒకటి కనబడుతుంది. అటూ ఇటూ వోల్టేజి సమానం. ఆ సమతూకం వెంట్రుకవాసి చెదిరితే చాలు, ఊపు మొదలై పెరుగుతుంది. కానీ లెక్కలో చెదరగొట్టేవాడు లేడు. 1973లో బర్క్‌లీ నుంచి లారెన్స్ నాగెల్, డొనాల్డ్ పెడర్సన్ బయటికి తెచ్చిన స్పైస్ అనే సిమ్యులేటర్ మొదలుకొని దాని ఇప్పటి వారసుల దాకా మామూలు ట్రాన్సియెంట్ లెక్కది ఇదే తీరు. అందులో ఉష్ణోగ్రత ఉంటుంది, ఆ వేడికి ఎలక్ట్రాన్లు పడే అలజడి ఉండదు. చివరికి వాడేవాళ్లే కెపాసిటర్ మీద కాస్త వోల్టేజి వేసి, లేకపోతే చిన్న కరెంటు పోటు పొడిచి దాన్ని లేపుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లయితే అంతకుముందు ఒక పూటంతా కనెక్షన్లలో తప్పు వెతుకుతారు.

నిజమైన సిలికాన్‌ని ఎవరూ లేపనక్కర్లేదు. దాని లోపలి రొదే దాన్ని తోస్తుంది. ఎక్కడో మైక్రోవోల్టుల్లో మొదలైన గజిబిజిలోంచి తన ఫ్రీక్వెన్సీని మాత్రం ఏరుకుని, పెంచుకుని, కొన్ని నానోసెకన్లలో నిండు తరంగంగా నిలబడుతుంది. నిలబడ్డాక అదే రొద దాని అడుగుల్ని తడబరచడం మొదలుపెడుతుంది. కన్నదీ అదే, కుదురుగా నడవనివ్వనిదీ అదే.

ఆ తడబాటును ఫేజ్ నాయిస్ అంటారు. ఇది ఎందుకు కీడో చాలామంది చెప్పారు. పక్క ఛానెల్ మాట మన ఛానెల్‌లోకి చొరబడుతుంది, రాడార్‌లో చిన్న లక్ష్యం పెద్దదాని నీడలో మునిగిపోతుంది, డేటా తప్పుగా చదవబడుతుంది. నాకు మాత్రం దాన్ని లెక్కగట్టే పద్ధతి మొదటినుంచీ ఒక కావ్యంలాగే కనబడింది. ఈ వ్యాసం ఆ లెక్క రుచి గురించి.

ఖరగ్‌పూర్‌లో కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఊరి గురించి రెండు మాటలు. ఇది సమయాన్ని నమ్ముకుని పుట్టిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చిన మనవాళ్ల కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే అందుకు ముఖ్య కారణం ఈ ఊరి తెలుగు జనమే. ఊరికి రెండో ముఖం హిజ్లీలో ఉంది. బ్రిటిష్‌వాళ్లు రాజకీయ ఖైదీలను నిర్బంధించిన భవనంలో 1951లో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. రైల్వే క్వార్టర్లలో పెరిగి ఆ గేటు దాటిన మా మేనకోడలు ఒకసారి అడిగింది: “లెక్కలో రొద లేదంటావు. మరి లేని రొదని ఎలాగ కొలుస్తారు మావయ్యా?”

అంతకన్నా మంచి ప్రశ్న ఈ విషయం మీద లేదు. జవాబు కూడా అంతే అందంగా ఉంది. మొదట రొదను పూర్తిగా మర్చిపోతారు. ఏ కలతా లేని ఆదర్శమైన చుట్టు ఒకటి కనుక్కుంటారు. ఆ తర్వాత ఆ చుట్టులో ప్రతి క్షణాన్నీ పట్టుకుని, నిన్ను ఇక్కడ ముట్టుకుంటే ఎంత కదులుతావు అని అడుగుతారు. రొదను పుట్టించనే పుట్టించరు. రొదకు ఎంత లొంగుతుందో తెలుసుకుంటారు.

ఆదర్శమైన చుట్టును పట్టుకోవడం మాటలంత తేలిక కాదు. ఊపు కుదుటపడేదాకా లెక్కను వేల చుట్లు నడపడం ఒక మార్గం, కానీ అది మొరటు దారి. 1972లో అప్రిల్, ట్రిక్ అనే ఇద్దరు చూపిన దారి వేరు. ఒక మొదటి స్థితిని ఊహించుకో, ఒక్క చుట్టు నడిపి చూడు, బయల్దేరిన చోటికే వచ్చిందా? రాకపోతే ఎంత తేడా వచ్చిందో చూసి న్యూటన్ పద్ధతిలో ఊహను దిద్దుకో. బయటినుంచి గడియారం అందే సర్క్యూట్‌లో అయితే ఇంతటితో సరి. ఆసిలేటర్‌లో ఒక చిక్కు ఉంది. చుట్టుకు పట్టే కాలం కూడా మనకు తెలియదు. తెలియనివి ఒకటి ఎక్కువ, సమీకరణాలు ఒకటి తక్కువ.

ఈ ఒక్క సమీకరణం ఎందుకు తక్కువైందో ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆదర్శమైన చుట్టు మీద ఏ బిందువు నుంచి మొదలుపెట్టినా అదీ ఒక జవాబే. ఏది సున్నా క్షణమో ఆసిలేటర్‌కు తెలియదు, దానికి అక్కర్లేదు కూడా. లెక్క ముడిపడాలి కాబట్టి మనమే ఒక నోడ్ మీద వోల్టేజి ఇంత ఉన్న ఘడియే సున్నా అని బలవంతంగా ఒక మేకు కొడతాం. ఆ మేకు కాగితం మీదే. సర్క్యూట్‌లో అలాంటి మేకు ఎక్కడా లేదు. తర్వాత వచ్చే కథంతా ఆ లేని మేకు కథే.

చుట్టు దొరికాక దాన్ని కొద్దిగా కదిపి చూస్తారు. 1883లో గాస్టన్ ఫ్లోకే ఆవర్తన సమీకరణాల కోసం రాసిన గణితం ఇక్కడ పనికి వస్తుంది. చుట్టు నుంచి పక్కకు నెడితే, ఒక చుట్టు తిరిగేసరికి ఆ తేడా ఎంత మిగిలిందో చెప్పే గుణకాలు కొన్ని వస్తాయి. అన్నీ ఒకటికన్నా తక్కువే, ఒక్కటి తప్ప. తక్కువైన దిక్కుల్లో తోస్తే తేడా తగ్గి తగ్గి మాయమవుతుంది. వోల్టేజి ఎత్తు కాస్త పెరిగితే ట్రాన్సిస్టర్లు దాన్ని అణుస్తాయి, తగ్గితే ఎగదోస్తాయి. కానీ చుట్టు వెంబడే ముందుకో వెనక్కో తోస్తే ఆ గుణకం సరిగ్గా ఒకటి. పెరగదు, తరగదు. తోసిన తోపు తోసినంతా ఉండిపోతుంది. లెక్క బాగా కుదిరిందో లేదో చూసుకోవడానికి కూడా ఇదే గీటురాయి. యంత్రం ఇచ్చిన ఆ గుణకం ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే మన ఆదర్శ చుట్టు అంత నిక్కచ్చి.

మన అలంకారికులు భావాలను స్థాయి, సంచారి అని విడదీశారు. సంచారులు వస్తాయి, పోతాయి. స్థాయి నిలుస్తుంది, సంచారుల రాకపోకలతోనే పండుతుంది. ఆసిలేటర్‌లో ఎత్తుకు తగిలే కలతలన్నీ నిజమైన సంచారులే. దశకు, అంటే ఫేజ్‌కు, తగిలే కలత మాత్రం అలంకార శాస్త్రం ఎరగని జాతి. సంచారిలాగా వస్తుంది, ఇక పోదు. ప్రతి చిన్న తాకిడీ శాశ్వతంగా దశలో కూడుకుంటుంది. ఆసిలేటర్‌కు మరుపు లేదు. అందుకే నేను దీన్ని అద్భుత రసం ఖాతాలో వేయను. ఇందులో కరుణ ఎక్కువ.

ఇప్పుడు అసలు గొప్ప ఘట్టం. అల్పర్ డెమిర్, అమిత్ మెహరోత్రా, జైజీత్ రాయ్‌చౌధురి 2000 మే నెలలో అచ్చువేసిన వ్యాసంలో దీన్ని పూర్తిగా తీర్చిదిద్దారు. ఏ క్షణాన ఏ నోడ్‌లో తాకితే దశ ఎంత జరుగుతుందో చెప్పే ఒక వెక్టరు కావాలి. దాన్ని ముందుకు నడిపి కట్టబోతే లెక్క బెడిసి పేలిపోతుంది. అందుకని కాలంలో వెనక్కి నడుపుతారు. చుట్టు చివరినుంచి మొదటికి, జరిగినదంతా తిరగదోడుకుంటూ వస్తారు. అలా వెనక్కి నడిచిన వెక్టరునూ ముందుకు సాగే చుట్టు స్పర్శరేఖనూ ప్రతి క్షణం దగ్గర గుణించి చూస్తే విలువ ఎప్పుడూ ఒకటే వస్తుంది. ఒకటి కాలం వెంట వచ్చింది, ఇంకొకటి కాలానికి ఎదురొచ్చింది, అయినా ఎక్కడ కలిసినా లెక్క చెదరదు. గణితంలో ఇంత పొందికైన ఎదురుకోలు నేను ఎక్కువ చూడలేదు.

అంతకు రెండేళ్ల ముందు, 1998లో, అలీ హజిమిరి, థామస్ లీ ఇదే భావాన్ని బొమ్మగా చూపారు. కెపాసిటర్‌లోకి ఒక చిటికెడు కరెంటు పోటు పొడవండి. తరంగం శిఖరం మీద ఉన్నప్పుడు పొడిస్తే ఎత్తు మాత్రమే మారుతుంది, అది కాసేపటికి మానిపోతుంది. సున్నా దాటే క్షణంలో పొడిస్తే దశ జరుగుతుంది, ఇక మానదు. ఇందులోంచి పుట్టిన ఒక ఫలితం నాకు ప్రాణం. ఎక్కే వాలూ దిగే వాలూ అచ్చంగా ఒకేలా ఉంటే, ఆ లొంగుబాటు సగటు సున్నాకు చేరుతుంది. అప్పుడు నెమ్మదిగా కదిలే ఫ్లికర్ నాయిస్, ఎంత ఉన్నా, క్యారియర్, అంటే ఆసిలేటర్ అసలు తరంగం, పక్కకు ఎక్కిరాలేదు. రూపసౌష్ఠవం ఇక్కడ కంటికోసం కాదు, డెసిబెళ్లలో జమపడుతుంది. డిజైన్ చేతిలో ఉన్నవాడికి హజిమిరి బొమ్మే ఎక్కువ ఉపయోగం, ఒప్పుకుంటాను. రసికుడిగా నా ఓటు మాత్రం డెమిర్ బృందానికే, ఎందుకంటే వాళ్ల దగ్గర ఒక పాత కళంకం కడుక్కుపోయింది.

ఆ కళంకం ఇది. డేవిడ్ లీసన్ 1966లో రెండు పేజీల ఉత్తరంలో ఫేజ్ నాయిస్‌కు సూత్రం రాశాడు. ఇప్పటికీ ఇంజినీర్ల నాలుక మీద ఉన్నది అదే. క్యారియర్ నుంచి పది రెట్లు దూరం జరిగితే రొద 20 డెసిబెళ్లు పడుతుంది, ఫ్లికర్ ఏలే దగ్గరి మేరలో 30 పడుతుంది. కానీ ఆ గీతను క్యారియర్ వైపుకు పొడిగిస్తూ పోతే రొద అనంతమవుతుంది. ఏ ఆసిలేటర్ దగ్గరా అనంతమైన శక్తి లేదు. డెమిర్ లెక్కలో దశ తాగినవాడిలా అటూ ఇటూ జరుగుతూ పోతుంది, దాని చెదురు కాలంతోపాటు పెరుగుతుంది, స్పెక్ట్రమ్ మాత్రం లోరెంట్జ్ గుట్టగా మెత్తగా ముగుస్తుంది. మొత్తం శక్తి రొద లేనప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. క్యారియర్‌కు రొద ఏమీ కలపలేదు, ఉన్నదాన్నే పక్కలకు పరిచింది.

అంకెలు లేకుండా దీని రుచి సగమే తెలుస్తుంది. బ్లూటూత్ తిరిగే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక ఆసిలేటర్ అనుకుందాం. ఒక మెగాహెర్ట్జ్ దూరంలో రొద, హెర్ట్జ్‌కి, క్యారియర్ కన్నా 120 డెసిబెళ్లు తక్కువ, అంటే లక్ష కోట్లలో ఒక వంతు. ఫ్లికర్ లేదని, ఎవరూ దాన్ని దిద్దడం లేదని అనుకుందాం. ఒక చుట్టుకు 417 పికోసెకన్లు. ఆ ఒక్క చుట్టులో చేరే చెదురు సుమారు 8.5 ఫెమ్టోసెకన్లు. ఖరగ్‌పూర్ స్టేషన్‌కు పేరు తెచ్చిన ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో అదే పొడవైనది. వెలుగు ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చేలోపు మన ఆసిలేటర్ దాదాపు 8,590 చుట్లు తిరుగుతుంది. అప్పటికి చెదురు 0.8 పికోసెకను దగ్గర ఉంటుంది. చుట్లు వేల రెట్లు పెరిగినా చెదురు వాటి వర్గమూలం మేరకే పెరుగుతుంది.

ఒక సెకను ఆగండి. 240 కోట్ల చుట్లు తిరిగాక చెదురు ఎంత? సరిగ్గా 417 పికోసెకన్లు, నిండా ఒక చుట్టు. ఎక్కడ ఉండాలో అక్కడ ఉందో, ఒక అడుగు ముందుందో వెనకుందో చెప్పలేని స్థితి. ఇది కాకతాళీయమని మొదట అనుకున్నాను, కాదు. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర మైనస్ 120 పలికే ఏ ఆసిలేటర్‌కైనా, ఫ్రీక్వెన్సీ ఏదైనా, ఈ ఊహల మేరకు ఒక్క సెకనులో ఒక్క చుట్టు చెదురు వస్తుంది. ఆ లోరెంట్జ్ గుట్ట మధ్యనుంచి ఎంత దూరంలో సగం ఎత్తుకు దిగుతుందో కూడా చూడండి. 3.14 హెర్ట్జ్. వృత్తాల లెక్కలోని ఆ పాత అంకె, ఎవరూ పిలవకుండానే, స్పెక్ట్రమ్ సగం వెడల్పుగా వచ్చి కూర్చుంది.

ఈ అంకెలనే మొరటు దారిలో, ట్రాన్సియెంట్‌లో కృత్రిమ రొద చల్లి రాబట్టాలంటే ఏమవుతుందో ఆలోచించండి. ఒక చుట్టుకు ఫెమ్టోసెకన్లలో ఉండే చెదురును చూడాలి. కాలపు అడుగు కాస్త పెద్దదైతే లెక్క చేసే తప్పే దానికన్నా పెద్దదవుతుంది. వెనకడుగు ఆయిలర్ పద్ధతి వాడితే లేని నష్టం ఒకటి తగిలి ఊపే చప్పబడుతుంది. ట్రెపిజాయిడల్ పద్ధతి ఊపును కాపాడుతుంది, మలుపుల దగ్గర దాని సొంత గిలగిల ఉంటుంది. యంత్రం తన అజాగ్రత్తనే రొదగా చూపించి మనల్ని నమ్మిస్తుంది. రొద చల్లని లెక్కే రొదను ఎక్కువ నిజంగా చెప్పడం ఇందులోని చమత్కారం.

ఇక ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని భాగించే డివైడర్. ఆసిలేటర్ పక్కన ఇది పేదరాలు. ప్రతి ఎన్ అంచుల్లో ఒకదాన్ని ఉంచి మిగతావి పారేయడమే దీని పని. అయినా ఫేజ్ నాయిస్ 20 లాగ్ ఎన్ మేరకు తగ్గుతుంది. రెండుతో భాగిస్తే ఆరు డెసిబెళ్లు, పదితో భాగిస్తే ఇరవై. పారేయడం వల్ల శుభ్రత వచ్చిందా? రాలేదు. ఇక్కడినుంచి హౌరాకు లోకల్ పది నిమిషాలకు ఒకటి ఉందనుకోండి, అది ఐదు నిమిషాలు ఆలస్యమైతే సగం అంతరం పోయినట్టే. వారానికొకసారి వచ్చే ఎక్స్‌ప్రెస్ అదే ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎవరూ వాచీ చూసుకోరు. ఆలస్యం మాత్రం అదే. మన ఆసిలేటర్‌ను రెండుతో భాగించినా ఒక సెకను తర్వాత చెదురు 417 పికోసెకన్లే, కాకపోతే ఇప్పుడు అది సగం చుట్టు. దశ అనే కొలబద్ద సాగింది, సెకన్లు కదల్లేదు. ఫలితాన్ని దశలో చదవాలా కాలంలో చదవాలా అన్నది తేల్చుకోకుండా డివైడర్ గీతను చూసి మురిసేవాళ్లను చూస్తే నాకు జాలి.

సిమ్యులేషన్‌లో డివైడర్ పెట్టే పరీక్ష వేరు. ఆసిలేటర్‌లా ఇది స్వేచ్ఛాజీవి కాదు, గడియారం బయటినుంచి వస్తుంది, కాబట్టి ఆ తక్కువైన సమీకరణం గొడవ లేదు. ఆవర్తనాన్ని లోపలికి వచ్చేదానికి కాకుండా బయటికి పోయేదానికి సరిపోయేలా పెట్టాలి, లేకపోతే లెక్క కుదరదు. అసలు మెలకువ రొదను చదివే చోట ఉంది. ఔట్‌పుట్ వోల్టేజి ఎక్కువ సేపు పైనో కిందో కదలకుండా కూర్చుంటుంది. అక్కడి రొద ఎవరికీ పట్టదు. గీత మధ్యకు వచ్చి హద్దు దాటే ఆ కాసింత క్షణంలో ఉన్న రొదే తర్వాతి సర్క్యూట్‌కు కాలపు తప్పుగా అందుతుంది. ఆ క్షణపు రొద వోల్టేజిని అంచు వాలుతో భాగిస్తే జిట్టర్ వస్తుంది. మొత్తం ఆవర్తనం మీద సగటు తీస్తే అబద్ధపు అంకె వస్తుంది. కాలంతో మారే ఈ రొద గురించి జోయల్ ఫిలిప్స్, కెన్ కుండర్ట్ 2000లో రాసిన పరిచయ వ్యాసం ఈ రంగంలో నాకు నచ్చిన వచనాల్లో ఒకటి, దాని పొడిదనంతో సహా.

అంచులు పారేయడానికి ఇంకో మూల్యం కూడా ఉంది. తక్కువ అంచులతో చూడడమంటే తక్కువసార్లు నమూనా తీయడమే. క్యారియర్‌కు దూరంగా చదునుగా పరుచుకున్న రొద మడతలు మడతలుగా వచ్చి ఒకదానిమీద ఒకటి పడుతుంది. అందువల్ల దగ్గరి రొద 20 లాగ్ ఎన్ తగ్గినా, దూరపు నేల 10 లాగ్ ఎన్ మాత్రమే దిగుతుంది. గ్రాఫ్‌లో ఈ రెండూ పక్కపక్కనే కనబడతాయి. ఎడమవైపు గీత గబగబా కిందికి దిగింది, కుడివైపు నేల నిదానంగా దిగింది, వాటి మధ్య మోచేయి జరిగింది. దీన్ని మొదటిసారి చూసినవాళ్లు సిమ్యులేటర్ సెట్టింగులను అనుమానిస్తారు. నిజానికి అది తప్పు చెప్పడం లేదు.

డివైడర్‌ను ఫేజ్ లాక్డ్ లూప్‌లో పెడితే ఆసిలేటర్ దశకు చివరికి ఒక క్రిస్టల్ ఆసరా దొరుకుతుంది. ఆ విషయం ఇక్కడికి దూరం కాని బర్ద్వాన్‌లో బి. ఎన్. బిశ్వాస్ జీవితకాలం పాటు పట్టుకున్నది, దానికి ఇంకో వ్యాసం కావాలి. డివైడర్ దగ్గరే ఇంకొక్క సౌందర్యం మిగిలింది. రెండుతో భాగించే మెట్లను వరసగా పేర్చి, ఒకదాని ఔట్‌పుట్‌తో తర్వాతిదాన్ని తోలితే విద్యుత్తు బాగా ఆదా. కానీ ప్రతి మెట్టూ తన చెదురును కలుపుతుంది. ఆ చెదురుల వర్గాలు కూడుకుంటూ పోతాయి. చివర ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టి, దానికి మొదటి మూల గడియారాన్నే ఇస్తే, మెట్లన్నీ కలిసి పోగుచేసిన తప్పంతా ఆ గడప దగ్గర రాలిపోతుంది. ఔట్‌పుట్ అంచు మూల గడియారం అంచు మీద ఆధారపడుతుంది, దానికి ఆ ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్ రొద మాత్రమే కలుస్తుంది. ఆసిలేటర్‌లో ఎంత కోరుకున్నా దొరకని మరుపు ఇక్కడ ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్ ఖర్చుతో దొరికింది.

ఆ ఫ్లిప్‌ఫ్లాప్ పూర్తి వేగంతో పనిచేయాలి కాబట్టి కరెంటు బాగా తాగుతుంది. పైగా మెట్ల ఆలస్యం వేడికీ వోల్టేజికీ మారుతూ మారుతూ సరిగ్గా మూల గడియారపు అంచు మీదికి వచ్చి పడితే, అది ఏ అంచును పట్టుకోవాలో తెలియక ఊగిసలాడుతుంది. ఒక ఉష్ణోగ్రత దగ్గర బ్రహ్మాండంగా ఉన్న గీత ఇంకో ఉష్ణోగ్రత దగ్గర కుప్పకూలుతుంది. అందుకే సిమ్యులేషన్‌ను ఒక్క మూలలో నడిపి సంతోషపడకూడదు. మైనస్ 40 నుంచి 125 డిగ్రీల దాకా, ఆ ఫ్లిప్‌ఫ్లాప్ ఉన్నప్పుడు ఒకసారి, తీసేసి ఒకసారి, రెండు గీతలూ ఒకే గ్రాఫ్ మీద వేసుకుని చూడాలి.